టామీ దురద సంగతి

అల్లుడూ,

మీ కుక్క టామీ ఫొటోలు చూశాను. కాలివేళ్ల సందుల్లో తెల్లబొచ్చు తుప్పు పట్టినట్టు ఎర్రబడింది చూడు, అది రక్తం కాదు, నాకి నాకి ఉమ్మికి పట్టిన రంగు. పాదాలు, చెవులు, పొట్టకింద, తోకకింద, ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా ఏడాది పొడుగునా దురద పెడుతుంటే తిండిని అనుమానించాల్సిందే. కానీ ముందే తిండి మీద పడకు. తోక మొదట్లో బొచ్చు విడదీసి చూడు, నల్లటి నలుసులు దొరికితే తడిపిన తెల్లగుడ్డ మీద రుద్దు, ఎర్రగా కరిగాయంటే కుక్కపేలు ఉన్నట్టే, ముందు వాటి పని పట్టాలి. పాలమూరు పశువుల దవాఖానలో చర్మం గీరి గజ్జి కాదని తేల్చుకో. చెవి పులిసిన వాసన వస్తోందన్నావు, దానికి మందు పడకపోతే ఎంత మంచి తిండి పెట్టినా గోకుడు ఆగదు. కాలిన ఇంజనాయిల్ పూయమని ఎవరో ఒకరు చెప్తారు, ఒప్పుకోకు, అది నాకితే కడుపులోకే పోతుంది.

ఇక తిండి. 'చికెన్ మానేసి లాంబ్ (గొర్రెమాంసం) కుక్కతిండి సంచి తెచ్చాను మామా' అన్నావు. సంచి వెనక చిన్న అక్షరాలు చదువు, చాలావాటిలో కోడికొవ్వో గోధుమో ఉండనే ఉంటాయి. కుక్కలకు ఎక్కువగా పడనివి బీఫ్, పాలు పెరుగు, కోడి, గోధుమ. మనం పెట్టేవీ అవే కదా, పెరుగన్నం, కోడికాళ్లు, మిగిలిన చపాతీ! మూడేళ్లు తిన్నదే కదా అనకు, ఎక్కువగా పడకుండా పోయేది అలా తిన్నదే.

టామీ చేప ఎన్నడూ ముట్టలేదంటే రవ్వ చేప తెచ్చి ఉడికించి, ముళ్లు ఒక్కటి మిగలకుండా ఏరి, ఉడికిన చిలగడదుంప మెత్తగా పిసికి కలిపి పెట్టు. చేప తిన్నదైతే మేకమాంసం, జేబుకు బరువే మరి. ఉప్పూ కారం వద్దు, ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ అసలే వద్దు, కుక్కకు అవి విషం. ఇలా ఎనిమిది వారాలు. పదిరోజులకే 'తగ్గలేదు మామా' అని ఫోన్ చేయకు.

అసలు టెన్షన్ వంటతో కాదు, ఇంట్లోవాళ్లతో. మీ నాయనమ్మ తింటూ తింటూ ప్రేమగా ఓ రొట్టెముక్క విసురుతారు, పక్కింటి పిల్లలు బిస్కెట్ పెడతారు, అయిపోయింది, పడిన కష్టమంతా వృథా. అందరికీ గట్టిగా చెప్పు. ఆదివారం చికెన్ షాపుల వైపు విప్పి వదలకు. పిడుదులకు ఇచ్చే నమిలే గోళీల్లోనూ మాంసం రుచి ఉంటుంది, డాక్టర్ని అడిగి మెడ మీద వేసే చుక్కలమందుకు మారు.

దురద తగ్గితే సంబరపడి ఆపేస్తారు చాలామంది. అక్కడే తప్పు. కోడి ఒక్కటే మళ్లీ పెట్టి రెండు వారాలు చూడు, గోకుడు మొదలైందా, దొంగ దొరికినట్టే, ఆపేసి తగ్గనిచ్చి తర్వాత పెరుగు, ఆ తర్వాత గోధుమ. తగ్గినదాన్ని మళ్లీ తెప్పించడమేంటని నీకు అనిపిస్తుంది, కానీ తిండి ఎలర్జీకి రక్తపరీక్షలను నమ్మలేం, వేలు పోతాయి అంతే. ఎనిమిది వారాల్లో రవ్వంత కూడా తగ్గకపోతే దుమ్మో పుప్పొడో అయి ఉంటుంది, దానికి మందులు వేరు.

చేప, చిలగడదుంప మీదే ఏళ్ల తరబడి నెట్టుకురాకు, కాల్షియం చాలదు. ఏది పడదో తేలాక డాక్టర్ని అడిగి పూర్తి తిండి చూసుకుందాం. చెవిమందు మాత్రం ఈ వారమే మొదలుపెట్టు.

మీ మామ, నల్గొండ