అత్తగారికి కుక్కలంటే పడదు... ఏం చేయమంటారు?

నేను పశువైద్యురాలిని. మావారు కుక్కలకు ట్రైనింగ్ ఇస్తారు. సెలవు దొరికితే ఇద్దరం వీధి కుక్కల వెంటే తిరుగుతాం. ఇంట్లో ఆరు కుక్కలున్నాయి. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లల్నీ ఆయన ఇంటికే తెస్తారు, రాత్రంతా సెలైన్ చూసుకునేది నేను. మా పదమూడేళ్ల కుక్కకి కిడ్నీలు పాడైతే పోయిన నెల నేనే మెర్సీ కిల్లింగ్ చేయాల్సి వచ్చింది. నేను ఏడుస్తుంటే మావారు 'డాక్టరువి, నీకు అలవాటేగా' అన్నారు. అది సరే, ఇప్పుడు అత్తగారు మా దగ్గర ఉండటానికి వస్తున్నారు. ఆవిడకు కుక్కలంటే పడదు. వాటిని ఎవరికైనా ఇచ్చేయాలా?
– ఒక సోదరి

ఇవ్వక్కర్లేదు. పెద్దావిడకి ఒక గది విడిగా ఇచ్చి, కుక్కలు అటు వెళ్లకుండా చూడండి. అది మీ ఇద్దరి బాధ్యత. మిగతాది వాళ్లబ్బాయి నచ్చజెప్పుకుంటారు.

నన్ను కలచివేసింది 'అది సరే' అంటూ మీరు దాటేసిన మాట. ఎలా సరే అవుతుందమ్మా? రోజూ ఆ పని చేసే డాక్టర్లు కూడా సొంత కుక్క దగ్గరికొచ్చేసరికి చేతులాడక ఇంకొకరిని పిలుస్తుంటారు. మీరు మాత్రం మీ చేత్తోనే నరం వెతికి, మందు ఎక్కించి, స్టెతస్కోప్ పెట్టి గుండె ఆగిందో లేదో చూసుకున్నారు. అంత చేశాక ఏడవడానికి ఒక మనిషి తోడుండాలి. ఉండాల్సిన మనిషే ఆ మాటన్నారు.

ఆయన చెడ్డవారని అనను. చాటుగా ఆయనా ఏడ్చే ఉంటారు. కానీ మీ ఇంట్లో తీసుకొచ్చి ముద్దు చేయడం ఆయన వంతు, బతికించడం, చంపాల్సొస్తే చంపడం మీ వంతు అయిపోయింది. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుందని, మామూలు సబ్బుకు చావదని, బ్లీచింగ్ పెట్టాల్సిందేనని ఆయనకంటే మీకే బాగా తెలుసు. అయినా వద్దనలేకపోతున్నారు. ఆయన కళ్లకి జాలి లేనిదానిలా కనిపిస్తానని మీ భయం. భర్త చేసే పుణ్యకార్యానికి భార్య నిద్ర మానుకోవాల్సి రావడాన్ని నేను సేవ అనలేను.

అత్తగారు రాకముందే ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడండి. కుక్కల కబుర్లతో మొదలుపెట్టకండి, మళ్లీ వాటిలోనే పడిపోతారు. 'ఆ రోజు మీరన్న మాట నాకింకా గుచ్చుకుంటోంది' అని సూటిగా చెప్పండి. ఆయన సర్దిచెప్పబోతే, ముందు పూర్తిగా వినమనండి. ఇకమీదట ఇద్దరూ ఒప్పుకుంటేనే కొత్త ప్రాణి గడప దాటాలి. జబ్బు కుక్కపిల్లల్ని క్లినిక్‌లోనే విడిగా ఉంచండి. సెలైన్ ఎంత వేగంగా పోతోందో, వాంతిలో రక్తముందేమో చూడటం ఆయనకూ నేర్పండి, రాత్రులు వంతులేసుకోండి. ఇంట్లో మరో ముసలి కుక్కకి ఆ పరిస్థితి వస్తే తోటి డాక్టర్ని పిలవండి. అప్పుడు మీరు డాక్టరు కాదు, దాన్ని పెంచిన మనిషి.

వీటికి ఆయన ససేమిరా అంటే, ఇంటికి తెచ్చిన ఏ కుక్కపిల్లకీ నేను రాత్రి మేలుకోనని చెప్పేయండి. చెప్పాక ఆ మాట మీద నిలబడండి.