హస్కీనా, జర్మన్ షెపర్డా? మీ ఇంటికైతే నా ఓటు షెపర్డ్‌కే, కానీ కొన్ని షరతులున్నాయి

మీరు రాసిందాన్ని బట్టి ఘట్‌కేసర్ దగ్గర సొంత ఇల్లు, చుట్టూ కాస్త ఖాళీ జాగా, బడికెళ్ళే పిల్లలిద్దరు, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారొక్కరే. పిల్లలు నీలికళ్ళ సైబీరియన్ హస్కీ కుక్క కావాలని పేచీ, మీవారికేమో ఇల్లు కాసే జర్మన్ షెపర్డ్ కావాలి. మా ఇంట్లో ఉన్నది షెపర్డే, పేరు రాణి. మియాపూర్‌లో మా తమ్ముడు హస్కీని పెంచాడు. వాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా ఆ భోలాగాణ్ణి మా ఇంట్లో దింపి వెళ్ళేవాడు. రెండిటికీ చాకిరీ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

కాపలా కోసమైతే హస్కీ ఊసే వద్దు. ఈశాన్య సైబీరియాలో చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగించడానికి పెంచుకున్న జాతి అది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపిస్తే, మందును రిలే పద్ధతిలో దాదాపు 1,080 కిలోమీటర్లు మోసుకెళ్ళింది ఇలాంటి బండి కుక్కల జట్లే. పరుగెత్తడం, జట్టుగా బతకడం, మనిషి కనిపిస్తే సంబరపడటం, ఇవే దాని గుణాలు. కొరియర్ అబ్బాయి గేటు తీస్తే మా భోలా వెళ్ళి అతని కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకునేవాడు. మొరగడం అరుదు, కానీ అంబులెన్స్ సైరన్ వినపడిందంటే తలెత్తి ఊళ అందుకునేవాడు. రాత్రిపూట అది వింటే పక్కింటి పెద్దవాళ్ళు ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు.

అసలు టెన్షన్ ఎండలు. హస్కీకి పైన ఒక పొర, లోపల దట్టమైన ఉన్ని లాంటి ఇంకో పొర బొచ్చు ఉంటుంది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి దించుకోవాలి. గాలిలో ఉక్క ఎక్కువైతే ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచేయదు, అందుకే విజయవాడ, విశాఖ వైపు ఇంకా కష్టం. "ఏసీ వేస్తాం కదా" అంటారు. తమ్ముడూ అదే అన్నాడు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ఏసీ ఆడదు. ఆ టైములో ఇంట్లో ఉండేది మీ అత్తగారే, కుక్కను చూసుకోవాల్సిందీ ఆవిడే. ఒళ్ళు తడుపుదామంటే మేడ మీద ట్యాంకు నీళ్ళు అప్పటికే కాగుతుంటాయి, బకెట్లో ముందే పట్టి నీడలో పెట్టుకోవాలి. వేసవి అని గుండు గీయించే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ బొచ్చే చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది, గీస్తే మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు కూడా.

ఇంకో సంగతి, కాంపౌండ్ వాల్. హస్కీ గోడ దూకుతుంది, గేటు కింద మట్టి తవ్వి దూరిపోతుంది, పట్టీ లేకుండా వదిలితే పిలిచినా వెనక్కి రాదు. భోలా ఒకసారి అలా దూరి వెనక వీధిలో నాటుకోళ్ళను పట్టేశాడు. డబ్బులిచ్చి, బతిమాలుకుని బయటపడ్డాం. మీ వైపు ఇంకా కోళ్ళూ మేకలూ పెంచే ఇళ్ళున్నాయి కదా, ఆలోచించుకోండి.

అలాగని షెపర్డ్‌ను తెచ్చి గేటు దగ్గర కట్టేస్తే సరిపోతుందనుకోకండి. జర్మనీలో 1899లో మాక్స్ ఫోన్ స్టెఫానిట్జ్ అనే ఆయన గొర్రెల కాపలా కుక్కల నుంచి ఈ జాతికి రూపం ఇచ్చాడు. రోజంతా కాపరి చెప్పింది వింటూ పనిచేయడం దాని రక్తంలో ఉంది. పని లేకపోతే తనే వెతుక్కుంటుంది: సోఫా చింపుతుంది, గేటు ముందు పోయే ప్రతి స్కూటర్‌నూ చూసి అరుస్తుంది. రాణి చిన్నప్పుడు మా అన్నయ్య పిల్లలు పరుగెడితే వెంటపడి మడమలు పట్టేది, మందను మళ్ళించినట్టు. కోపంతో కాదు, కానీ మీ చిన్నవాడు బెదిరిపోతాడు. మొదటి వారం నుంచే "నో" నేర్పాలి. నాలుగు నెలలు నిండేలోపే చుట్టాలు, పనిమనిషి, గ్యాస్ బండ అబ్బాయి అందరూ అలవాటు కావాలి. లేకపోతే పెద్దయ్యాక ఇంటికి ఎవరొచ్చినా గదిలో పెట్టి తలుపేయాల్సిన పరిస్థితి వస్తుంది.

దీనికీ ఎండ పడదు, కానీ నీడ, ఫ్యాను, నీళ్ళు ఉండి, నడక పొద్దున్నే ఆరులోపు అయిపోతే నెట్టుకొస్తుంది. మధ్యాహ్నం మాత్రం ఇంట్లోనే ఉంచాలి. ఆ ఆరులోపు లేచేదెవరు? మీరా, మీవారా? ఇది తేల్చుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. బొచ్చు విషయంలో రెండూ దొందూ దొందే, పూజగదిలోనూ దొరుకుతుంది.

కొనేటప్పుడు "డబుల్ కోట్" అని చెప్పి ఎక్కువ ధర అడుగుతారు. బజార్లో ఆ మాటకు అర్థం పొడుగు బొచ్చు అని మాత్రమే. పొట్టి బొచ్చు షెపర్డ్‌కూ రెండు పొరలుంటాయి. మన ఎండలకు పొట్టి బొచ్చే మేలు. ఈ జాతికి తుంటి కీలు జబ్బు ఎక్కువ, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. లేవంటే కనీసం తల్లిని నడిపించి చూడండి. వెనక భాగం బాగా కిందికి వాలిపోయి, కాళ్ళు ఈడుస్తున్నట్టు నడిస్తే ఆ పిల్ల వద్దు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి, "చిన్నప్పుడే తెస్తే బాగా అలవాటవుతుంది" అంటే నమ్మకండి. ఇంట్లో గ్రానైట్ నేల ఉంటే అది పరుగెత్తే చోట మ్యాట్లు వేయండి, జారి జారి కీళ్ళు పాడవుతాయి.

తిండి దగ్గర పెరుగన్నంతో సరిపెట్టకండి, గుడ్డు, చికెన్ కావాలి. ఉల్లిపాయ వేసిన కూర మాత్రం పెట్టొద్దు. మందులన్నిటికంటే ముందు పిడుదుల మందు సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. మన దగ్గర పిడుదులు కుడితే వచ్చే టిక్ ఫీవర్ మామూలే. రాణికి వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయి, తిండి మానేసి మూల పడుకుంది. డాక్టర్ దగ్గరికి త్వరగా తీసుకెళ్ళాం కాబట్టి కోలుకుంది.

మగదా ఆడదా అని మీరు అడగలేదు గానీ, ఆడదాన్నే తీసుకోండి. మగ షెపర్డ్ 30 నుంచి 40 కిలోలు, ఆడది 22 నుంచి 32 వరకు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారి చేతికి పట్టీ మాత్రం ఏ కుక్కదీ ఇవ్వకండి.