దత్తతకు రూపాయి అక్కర్లేదు, మరి కరెంటు బిల్లుకో?

ప్రశ్న: మాది భీమవరం. నేను ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను, చేతికి 46,000 వస్తుంది. మావారు కౌలుకు తీసుకున్న రెండెకరాల రొయ్యల చెరువు చూస్తారు. నిరుడు ఒక పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. రెండు పంటలూ కలిపి మిగిలింది లక్షా అరవై వేలు. ఇంటి లోను వాయిదా 14,500, ఇంటి ఖర్చు 16,000, బాబు ఇంటర్ ఫీజు నెలకు సగటున 5,000, వాడి పై చదువు కోసం సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పొదుపు) 4,000. గోల్డ్ లోను 1,20,000 ఉంది, వడ్డీ నెలకు 950. బ్యాంకులో 1,80,000 ఎఫ్‌డీ ఉంది. హైదరాబాద్‌లో ఎవరో వదిలేసి పోతే జంతు ప్రేమికులు కాపాడిన రెండు ఫెర్రెట్లను (చూడటానికి ముంగిసలా ఉండే పెంపుడు జంతువులు, వయసు మూడు, నాలుగేళ్ళు, రెంటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది) మాకు ఉచితంగా ఇస్తామంటున్నారు. పంజరం కూడా ఇస్తారట. వాటి కోసం ఎఫ్‌డీ తీసి ఏసీ కొనమంటారా? ఇంట్లో ఉన్న కూలర్ సరిపోదా? వాటికి బీమా దొరుకుతుందా?

జవాబు: ముందు కూలర్ సంగతి తేల్చేద్దాం, మీ లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. చుట్టూ చెరువులు, కాలవలు ఉన్న భీమవరంలో మే నెల గాలి ముందే తడి. కూలర్ పెడితే గదిలో ఉక్కపోత పెరుగుతుందే గానీ వేడి పెద్దగా దిగదు. ఫెర్రెట్‌కు చెమట పట్టి ఒళ్ళు చల్లారే ఏర్పాటు దాదాపు లేదు. గది 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలు, 30 దాటితే వడదెబ్బ ప్రమాదం, ఉక్క తోడైతే ఇంకా ముందే. కాబట్టి ఫెర్రెట్ అంటే ఏసీ గది. అది మన సుఖం కోసం కాదు, దాని ప్రాణం కోసం.

ఇక బిల్లు. మీరు నెలకు 180 యూనిట్లు వాడుతున్నారనుకుందాం. మన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. అంటే ఇప్పుడు మీ ఎనర్జీ చార్జీ 747 రూపాయలు. తొమ్మిది బై పది గదికి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీని 25 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్ళు నడిపితే గంటకు సగటున అర యూనిట్ లెక్కన రోజుకు 12, నెలకు 360 యూనిట్లు. మొత్తం 540. బిల్లు 3,913. ఆ గది ఒక్కదానికే 3,166 పెరిగింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పాత బిల్లును యూనిట్లతో భాగించి వచ్చిన నాలుగు రూపాయల సగటుతో కొత్త యూనిట్లను గుణించడం. కొత్త యూనిట్లు వచ్చి పడేది పై స్లాబుల్లో. మీకు పడేది సగటున 8.80.

మార్చి నుంచి జూన్ దాకా ఈ లెక్క. జూలై నుంచి అక్టోబరు దాకా రోజుకు ఎనిమిది యూనిట్లు వేసుకుంటే నెలకు 2,000 అదనం. చలికాలం నాలుగు నెలలూ మధ్యాహ్నాలు కాసేపు వేసినా 400. ఏడాదికి 22,264. ఇంధన సర్దుబాటు, సుంకం వగైరా కలిపి 25,000 అనుకోండి, నెలకు 2,100. మీ గది పడమటి గోడది అయినా, పైన ఎండ పడే స్లాబు అయినా ఇంకా పెరుగుతుంది. ఇంట్లో నీడ పట్టున ఉండే చిన్న గదిని ఎంచుకోండి, తలుపు కింది సందు మూయించండి.

తిండి. ఇది పూర్తి మాంసాహారి. పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, అందుకే రోజుకు ఎనిమిది పదిసార్లు కొంచెం కొంచెం తింటుంది. గిన్నెలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. పెరుగన్నం, అరటిపండు, బిస్కెట్, పాలు, ఇవేవీ వద్దు. కిలో బరువున్న జంతువుకు పొడి తిండి రోజుకు 50–70 గ్రాములు. మాంసకృత్తులు 35 శాతానికి, కొవ్వు 18 శాతానికి తగ్గని పిల్లికూనల మేత సరిపోతుంది. సగం అది, సగం కోడి మాంసం, గుండెకాయలు, కాస్త కాలేయం కలిపి పెడితే రెంటికీ నెలకు 2,200. చెరువు చేతిలోనే ఉంది కదా, రొయ్య తలకాయలు, చిన్నచేపలు పెడితే ఖర్చు తగ్గుతుంది అనిపిస్తుంది. వద్దు. కొన్ని రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఎండుచేపల్లో ఉప్పెక్కువ. పైగా పసితనంలో అలవాటైన వాసననే ఇవి తిండిగా గుర్తిస్తాయి, తెలియనిది పెడితే ముట్టవు. ఇప్పుడు ఏ మేత తింటున్నాయో అదే ఒక సంచీ తెచ్చుకుని, కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ రెండు మూడు వారాల్లో మార్చాలి.

మలానికి పాత పేపర్లు, కాగితపు గుళికలు చాలు, 300. ముద్దకట్టే పిల్లి ఇసుక, వరి ఊక వద్దు, దుమ్ము ఊపిరితిత్తులకు పడదు. దోమ మన ఊరి అసలు గొడవ. దోమకాటుతో వచ్చే గుండె పురుగు ఫెర్రెట్‌కు చాలా ప్రమాదం. దాని గుండె ఎంత చిన్నదంటే ఒక్క పురుగు చాలు, ప్రాణం పోవడానికి. కాబట్టి కిటికీకి దోమతెర, నెలనెలా వెటర్నరీ డాక్టరు చెప్పిన మోతాదులో నివారణ మందు. రెంటికీ 800 పెట్టుకోండి. ఏడాదికోసారి డిస్టెంపర్, రేబిస్ టీకాలు, రెండుసార్లు పరీక్ష, ప్రయాణం కలిపి నెలకు 1,000 పక్కన పెట్టాలి. డిస్టెంపర్ కుక్కలకూ వచ్చే వైరస్ జబ్బు, అది సోకిన ఫెర్రెట్ బతకడం దాదాపు ఉండదు. వీధికుక్కల నుంచి మన చెప్పులతోనూ ఇంట్లోకి రావచ్చు, చెప్పులు గడప బయటే. కుక్కలకు వేసే ఐదారు జబ్బుల కలగలుపు టీకా వేయించేయకండి. ఏ టీకా అన్నది ఫెర్రెట్లను చూసిన డాక్టరే చెప్పాలి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, కొన్నిటికి ఎలర్జీ వస్తుంది.

ఇప్పటికి నెలకు 6,400. ఇందులో జబ్బు ఖర్చు లేదు.

బీమా గురించి అడిగారు. మన దగ్గర పెంపుడు జంతువుల పాలసీలు ప్రధానంగా కుక్కలకు, కొన్ని పిల్లులకు. ఫెర్రెట్ కోసం వాటిని నమ్ముకోకండి. ఆరోగ్య బీమాకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపూ రాదు, అది మనుషుల బీమాకే. కాబట్టి మీరే ఒక నిధి కట్టుకోవాలి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మీకు ఇస్తామంటున్న వాటి వయసు మూడు, నాలుగు. అడ్రినల్ గ్రంథి జబ్బు (తోక దగ్గర మొదలై వెంట్రుకలు ఊడటం, దురద), క్లోమంలో పుట్టి రక్తంలో చక్కెరను పడేసే ఇన్సులినోమా గడ్డ (వెనక కాళ్ళు తడబడటం, సొల్లు కార్చడం, శూన్యంగా చూస్తూ ఉండిపోవడం) కనిపించేది సరిగ్గా ఈ వయసు నుంచే. మొదటిదానికి హార్మోన్ ఇంప్లాంట్ లేదా ఆపరేషన్, రెండోదానికి ఎక్కువగా జీవితాంతం మాత్రలు, మధ్యమధ్య చక్కెర పరీక్ష. మూడోది వయసుతో పని లేనిది. ఇవి రబ్బరు కొరుకుతాయి. హవాయి చెప్పు, రిమోట్ బటన్, పిల్లల రబ్బరు మింగితే పేగుకు అడ్డుపడుతుంది. తిండి మానేసి, మలం రాకపోతే మర్నాటి దాకా ఆగకూడదు, ఆపరేషనే గతి. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గర, కానీ ఫెర్రెట్లకు ఆపరేషన్ చేసిన చెయ్యి కావాలంటే హైదరాబాద్ వెళ్ళాల్సి రావచ్చు. రాత్రి ప్రయాణం, బస, ఆపరేషన్ కలిపి 30–40 వేలు చేతిలో ఉండాలని నా అంచనా. ఆ డబ్బు వేరే సేవింగ్స్ ఖాతాలో, అర్ధరాత్రి యూపీఐతో తీయగలిగేలా ఉండాలి. అవి రాకముందే 30,000, వచ్చాక నెలకు 2,000.

మొత్తం 8,400, ఏడాదికి లక్ష. ఇవి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. అంటే మీరు ఒప్పుకుంటున్నది మూడు నుంచి ఐదు లక్షల బాధ్యతకు.

ఒక్కదాన్నే తెచ్చుకుంటే సగం అవుతుందా? కాదు. గది చల్లదనం ఒకటికైనా రెంటికైనా ఒకటే. లెక్క వేస్తే 5,600 తేలుతుంది, తగ్గేది మూడో వంతే. కలిసి పెరిగిన జంటను విడదీస్తే మిగిలింది తిండి మానేసి దిగులుపడటం కూడా ఉంది. అందుకని ఆ బేరం వద్దు.

మీ జీతంలో అన్నీ పోగా మిగిలేది 5,550. కావలసింది 8,400. చెరువు ఆదాయం ఉందంటారు, కానీ తెల్లమచ్చ ఎప్పుడొస్తుందో చెప్పలేని డబ్బు మీద నెలనెలా తినే ప్రాణాలను పెట్టకూడదు. ఎఫ్‌డీ 1,80,000 మీ ఇంటికి నాలుగున్నర నెలల ఖర్చు. చెరువు మీద ఆధారపడ్డ ఇంటికి ఆరు నెలలది ఉండాలి, అదే తక్కువ. దాన్ని కదపకండి. ఏసీని క్రెడిట్ కార్డు మీద కొని తిప్పుకుంటే వడ్డీ ఏడాదికి 36 శాతం పైమాటే. ‘వడ్డీ లేని వాయిదాల’లోనూ ప్రాసెసింగ్ ఫీజు, పోగొట్టుకున్న నగదు తగ్గింపు లెక్కేసుకోండి.

ఇప్పుడు తెచ్చుకోకండి, నవంబరులో తెచ్చుకోండి. మే నుంచి అక్టోబరు దాకా నెలకు 5,500 రికరింగ్ డిపాజిట్ కట్టండి. ఆరు నెలలకు 33,000 అవుతుంది, అదే వైద్య నిధి. ఒక్క వాయిదా తప్పినా ఫెర్రెట్ల ఖర్చు మీరు మోయలేరని ముందే తెలిసిపోతుంది. ఈ లోపు రొయ్యల పట్టుబడి అవుతుంది. నిరుడు రెండు పంటలకూ కలిపి మిగిలిన లక్షా అరవై ఈ ఒక్క పంటకే వస్తే 1,20,000 గోల్డ్ లోనుకు, 40,000 ఏసీ, స్టెబిలైజర్, బిగింపుకు సరిపోతాయి. దోమతెర, సందుల మూత, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే చిన్న థర్మామీటరుకు ఓ 5,000. రెండు వేళ్ళు దూరే సందు ఉంటే ఫెర్రెట్ దూరిపోతుంది, తూము గొట్టం మూతలు కూడా చూసుకోండి. గోల్డ్ లోను తీరాక నెల మిగులు 6,500. ఇంకా 1,900 తగ్గుతుంది, ఏడాదికి 23,000. రెండో పంట డబ్బు రాగానే ఆ మొత్తాన్ని ఒకేసారి పక్కన పెట్టండి. పంట పోతే? తెచ్చుకోకండి, అంతే. సిప్ ఆపి తెచ్చుకోవడం అంటే బాబు చదువు డబ్బుతో ఏసీ నడపడం.

నవంబరులో ఇంకో లాభం, వాటికి కొత్త ఇల్లు అలవాటు పడటానికి నాలుగు చల్లని నెలలు దొరుకుతాయి. ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి పగటి కారు ప్రయాణమే వాటికి గండం.

కరెంటు పోతే అన్న ప్రశ్న మీరు వేయలేదు. చెరువులో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే మీవారు నిమిషాల్లో జనరేటర్ వేస్తారు కదా, ఇదీ అంతే. ఇంట్లో ఫ్యాన్ల కోసం పెట్టిన ఒక బ్యాటరీ ఇన్వర్టర్‌తో ఏసీ నడవదు. ఫ్రీజర్‌లో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగు ఎప్పుడూ గడ్డకట్టి ఉంచి, గుడ్డ చుట్టి పంజరంలో పెడితే మూసిన గదిలో రెండు గంటలు నెట్టుకురావచ్చు. అంతకు మించితే జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో బంధువుల ఇల్లు ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి. నోరు తెరిచి రొప్పుతూ చతికిలబడితే మామూలు చల్లటి నీళ్ళతో తడిపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఐసు నీళ్ళలో ముంచకూడదు. పై కప్పు సోలార్ గురించి అడిగేవాళ్ళుంటారు. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది. మంచిదే, కానీ పాతికేళ్ళ ప్యానెళ్ళను ఇంకో నాలుగైదేళ్ళే బతికే ఫెర్రెట్ల కోసం కొనకండి. ఇంటికి లాభమా కాదా అన్నది విడిగా తేల్చుకోండి.

కాగితాలు. చుట్టుపక్కల వాళ్ళు దీన్ని ముంగిస అనుకుంటారు. ముంగిసను పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎవరైనా అటవీశాఖకు ఫోన్ చేసినా తప్పుపట్టలేం. ఇది వేరే జంతువు, పెంపుడు జాతి. అయినా దత్తత పత్రం, కాపాడినవాళ్ళు రాసిచ్చిన కాగితం, ఫొటోలు దగ్గర పెట్టుకుని, మీ అటవీ అధికారి కార్యాలయంలో ఒకసారి రాతపూర్వకంగా అడిగి ఉంచండి.

ఈ వారమే, ఫెర్రెట్లను ఇస్తామన్నవాళ్ళకు రాసి అడగాల్సినవి: టీకాల తేదీలు, ఆపరేషన్ ఎప్పుడు చేశారు, ఇప్పుడు తినే మేత పేరు, నాలుగు గంటలు తిండి లేకుండా తీసిన రక్తంలో చక్కెర ఎంత (70 కన్నా తక్కువుంటే ఇన్సులినోమా అనుమానం, మీ నెల లెక్క మారిపోతుంది). మీవల్ల కాకపోతే తిరిగి తీసుకుంటామని సంతకంతో రాసిస్తారా అన్నది కూడా. ఆ ఒక్కదానికి ఒప్పుకోకపోతే నవంబరు వచ్చినా ముందుకెళ్ళకండి.