క్రూజింగ్ పడవకు కొత్త తెరచాపలు: డాక్రానా, లామినేటా?

కుటుంబంతో తీరం వెంబడి తిరిగే 35 అడుగుల పడవకు ఏ గుడ్డ మంచిదన్నది ప్రశ్న. నేనైతే డాక్రానే, అంటే పాలిస్టర్ దారంతో నేసిన గుడ్డనే తీసుకోమంటాను. పలుచని ప్లాస్టిక్ పొరలు అతికించి చేసే లామినేట్ ఆకారం బాగా నిలుపుకుంటుంది కానీ మడతలకు, తేమకు, ఎండకు పొరలు విడిపోతాయి. డాక్రాన్ మెల్లగా సాగుతుంది, చిరిగినా మీరే కుట్టుకోవచ్చు.

చాలాసార్లు గుడ్డకన్నా ముందు పోయేది దారం. పాత సెయిల్ (తెరచాప) కుట్టును గోటితో గీకి చూడండి, పోగులు తెగితే ఎండ తినేసినట్టే. అందుకే మూడు వరసల కుట్టు అడగండి. పడవ ముందు వైపు సెయిల్ ఫర్లర్‌కు (సెయిల్‌ను చుట్టి ఉంచే పరికరం) చుట్టి ఉంచేదైతే వెనక, కింది అంచులకు ఎండను ఆపే పట్టీ తప్పనిసరి. మెయిన్‌సెయిల్‌కు (ప్రధాన తెరచాప) మూడో రీఫ్ (గాలి పెరిగినప్పుడు సెయిల్‌ను కుదించి కట్టే ఏర్పాటు) కూడా పెట్టించండి, గాలి వేగం 30 నాట్లు (గంటకు సుమారు 55 కి.మీ.) దాటితే అదే ఆదుకుంటుంది. కొలతలు మాత్రం సాగిపోయిన పాత సెయిల్‌వి ఇవ్వొద్దు, పడవ మీదే తీయించండి.