తాతయ్య గురించి రాయబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి చిన్న తాతయ్య ఆశీస్సులు.

తాతయ్య సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి బంధువులందరికీ పంచాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మంచి పని తలపెట్టావు తల్లీ. మా నాన్న గురించి అలాంటిది రాయాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఈలోగా ఆయన్ని ఎరిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అందుకే చెబుతున్నాను, రాయడం తర్వాత సంగతి. ముందు మనుషుల దగ్గర కూర్చో.

మీ నాయనమ్మ దగ్గరికి ప్రశ్నలు రాసుకుని వెళ్లకు. "తాతయ్య ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడమ్మా" అని కళ్లు తుడుచుకుంటుంది, అంతటితో సరి. ఆవిడ చింతపండులో గింజలు తీస్తున్నప్పుడు పక్కన చేరి నువ్వూ రెండు తీయి. ఆయన కళ్లజోడో, లెక్కల పుస్తకమో తెచ్చి ఒళ్లో పెట్టు. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, ఫోను బోర్లా పెట్టేయి. మధ్యలో ఆవిడ ఆగిపోతే నువ్వు మాట అందించకు, కాసేపు ఊరుకో. తనంతట తానే మళ్లీ మొదలుపెడుతుంది.

ఆ లెక్కల పుస్తకాల్లో ప్రతి ఏడాదీ జూన్ పేజీలు చూడు. ఎరువుల బాకీ కంటే పైన పిల్లల ఫీజులు రాసి ఉంటాయి. ఆ పేజీ ఒకటి ఫొటో తీసి పుస్తకంలో వేయి.

ఉప్పెన సంగతి మాత్రం నేనే చెప్పాలి. అన్నయ్య మీకెవరికీ చెప్పి ఉండడు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో మా ఊరు. నాకు 14 ఏళ్లు, ఆయనకు 24. నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి నన్నూ, చెల్లినీ తన పంచెతో తుమ్మచెట్టుకు కట్టేశాడు. అమ్మానాన్నల కోసం, ఆరేళ్ల చిన్న చెల్లెలి కోసం వెనక్కి వెళ్లాడు. వాళ్లు దొరకలేదు. దివిసీమలో ఆ ఒక్క రాత్రి వేల మంది పోయారమ్మా. ఉప్పు పట్టిన పొలాన్ని మళ్లీ సాగులోకి తెచ్చి మా ఇద్దరినీ పెంచాడు. చెల్లి పెళ్లి చేశాకే తాను చేసుకున్నాడు. ఏటా నవంబరు 19 రాత్రి అన్నం ముట్టేవాడు కాదు. కడుపులో బాగాలేదనేవాడు.

చెల్లి చదువు పదో తరగతితో మాన్పించాడు. ఇదీ రాయి. మీ నాన్నకు నచ్చకపోవచ్చు, అయినా రాయి. ఆ మాట తలచుకుని చెల్లి ఇప్పటికీ బాధపడుతుంది. తనను అడుగు, తన మాటల్లోనే వేయి. నీ కాలేజీ సీటు కోసం మోకాళ్ల నొప్పులతో తాతయ్య విజయవాడ దాకా వచ్చాడు గుర్తుందా? మీ నాన్న వెళ్తానన్నా ఒప్పుకోలేదు. తప్పులన్నీ తీసేసి రాస్తే అది మా అన్నయ్య కాదు, ఇంకెవరో.

ఫొటోల వెనక పేర్లు పెన్సిలుతో మెత్తగా రాయి. పెన్నుతో నొక్కితే ముందు వైపుకి గీతలు తేలతాయి. అంటుకుపోయిన ఆల్బం ఫొటోలను ఊడదీయకు, చిరుగుతాయి. కిటికీ వెలుగులో పెట్టి ఫోనుతో తీసుకో. పేరుతో పాటు ఎవరికి ఏమవుతారో కూడా రాయాలి. ఆయన పోయిన తేదీ పక్కన తిథి కూడా వేయి, ఆబ్దికం పెట్టేవాళ్లకు కావలసింది అదే.

సంవత్సరీకం అయ్యాక వచ్చే సంక్రాంతి గురించి ఒక మాట. పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు చీర, పంచెల పక్కన తాతయ్య ఒక చిన్న గౌను పెట్టేవాడు, నువ్వు చూసే ఉంటావు. అది ఆ చిన్న చెల్లెలికి. ఇన్నేళ్లలో ఆ కొలత మారలేదు. మర్నాడు ఊళ్లో ఎవరో ఒక పాపకు తొడిగించి వచ్చేవాడు. ఈసారి ఆ గౌను నువ్వు కొనాలి. ఆరేళ్ల పిల్లకు సరిపోయేది, పసుపు రంగుది చూడు. దానికి పసుపంటే ఇష్టం.

ఇట్లు,
మీ చిన్న తాతయ్య