పనిలో పడిపోయాను, పని పోయింది

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. 2024 ఏప్రిల్ 8న, అంటే ఉగాదికి ముందురోజు, మేడ్చల్ దగ్గర ఒక గోదాములో కాంట్రాక్టరు ద్వారా ప్యాకింగ్ పనిలో చేరాను. నెలకు రూ.16,500 జీతం, ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. మే 22న మధ్యాహ్నం మూడు గంటల వేళ రేకుల షెడ్డు కింద లారీకి పెట్టెలు ఎక్కిస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. తోటివాళ్లు ఆటోలో దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. వడదెబ్బ అని చెప్పి మూడు రోజులు ఉంచుకుని, పదిహేను రోజులు విశ్రాంతి తీసుకోమని రాసి పంపారు. రూ.28,000 ఖర్చయింది, మా బావ అప్పు తెచ్చి కట్టాడు. సూపర్‌వైజరుకు ఫోను చేసి చెబితే సరేనన్నాడు. జూన్ 10న పనికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఇలా పడిపోయేవాళ్లు తమకు వద్దని, కాంట్రాక్టు వాళ్లకు జబ్బు సెలవు ఉండదని కాంట్రాక్టరు అంటున్నాడు. సొంత కారణాలతో మానేస్తున్నట్టు సంతకం పెడితేనే మే నెల జీతం ఇస్తానంటున్నాడు. ఏప్రిల్ జీతం చీటీలో ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కింద రూ.95 కోశారు గానీ కార్డు ఇవ్వలేదు. నేను ఏం చేయాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, మేడ్చల్

జవాబు: (ఇది 2024లో అమల్లో ఉన్న చట్టాల ప్రకారం ఇచ్చిన జవాబు. ఇందులోని కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి.) ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ చేతిలో ఉన్న హక్కులన్నీ, అవి పెద్దవైనా చిన్నవైనా, మీరు మీ అంతట మీరు మానేయలేదు అన్న ఒక్క నిజం మీదే నిలబడి ఉన్నాయి. అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే సంతకం పెట్టి డబ్బు తెచ్చుకుందామనిపించడం సహజమే. కానీ పనిచేసిన రోజుల కూలికి సంతకాన్ని షరతుగా పెట్టే అధికారం ఎవరికీ లేదు. పనిలోంచి తీసేసిన వ్యక్తికి రావలసిన వేతనం రెండో పనిదినం ముగిసేలోగా ఇవ్వాలన్నది వేతనాల చెల్లింపు చట్టంలోని నియమం. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఆ పని చేయించుకున్న యాజమాన్యమే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మే 1 నుంచి 22 వరకు మీ జీతం కోసం ప్రాంతీయ కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక ఆ రూ.95 సంగతి. అది చిన్న మొత్తమే గానీ మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వివరం అదే. ఏప్రిల్‌లో మీరు పనిలో ఉన్న 23 రోజులకు జీతం రూ.12,650 అవుతుంది, అందులో 0.75 శాతం, పై రూపాయికి సరిచేస్తే, సరిగ్గా రూ.95. యాజమాన్యం తన వాటాగా 3.25 శాతం కలిపి కట్టాలి. నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది, అందులో ప్రొబేషన్ వాళ్లు, కాంట్రాక్టు వాళ్లు అన్న తేడా లేదు. కోసిన డబ్బు కట్టి ఉంటే మీ పేరు మీద పది అంకెల బీమా నంబరు ఈపాటికి ఉండాలి. కట్టకుండా దాచుకుని ఉంటే ఆ తప్పు వారిది. ప్రధాన యజమాని చందా కట్టనందువల్ల కార్మికుడికి ప్రయోజనం అందకపోతే, ఈఎస్‌ఐ కార్పొరేషన్ ముందు కార్మికుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని ఈఎస్‌ఐ చట్టం 68వ సెక్షన్ అంటోంది. ఇక్కడ ప్రధాన యజమాని అంటే కాంట్రాక్టరు కాదు, గోదాము యాజమాన్యం. జీతం చీటీ పట్టుకుని దగ్గరి ఈఎస్‌ఐ బ్రాంచి కార్యాలయానికి వెళ్లి ముందు ఆ నంబరు అడగండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈఎస్‌ఐలో జబ్బుకు ఇచ్చే సొమ్ము వేరు, పనిలో జరిగిన ప్రమాదానికి ఇచ్చే సొమ్ము వేరు. జబ్బు చేసిన కాలానికి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అయితే అందుకు ఆరు నెలల ఒక చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. పైగా కొత్తగా చేరినవారికి ఆ ప్రయోజనం మొదలయ్యేది చేరిన తొమ్మిది నెలల తర్వాతే. పడిపోయేనాటికి మీరు చేరి నెలన్నర కూడా దాటలేదు కనుక ఆ దారి మీకు మూసుకుపోయింది. కొత్తగా పనిలో చేరినవాడే ఎండకు అలవాటు పడక ముందు పడిపోతాడు, అతడికే ఈ నియమం అడ్డు వస్తుంది. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. కానీ పనిలో ప్రమాదం వల్ల కలిగిన అశక్తతకు ఇటువంటి నిరీక్షణ లేదు. మొదటి రోజు చేరిన కార్మికుడికైనా, ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే, వేతనంలో 90 శాతం చొప్పున తాత్కాలిక అశక్తత భృతి వస్తుంది.

కాబట్టి మీరు ఈఎస్‌ఐ కార్యాలయంలో 'నాకు జ్వరం వచ్చింది, ఒంట్లో బాగాలేదు' అని చెప్పకూడదు. జరిగింది జరిగినట్టుగా, మే నెల ఎండలో, రేకుల కప్పు కింద, బరువులు ఎత్తుతుండగా, డ్యూటీ వేళలో కుప్పకూలానని చెప్పాలి. విధి నిర్వహణలో ఉండగా జరిగిన ప్రమాదం, వ్యతిరేక సాక్ష్యం లేనంతవరకు, ఆ విధుల కారణంగానే జరిగినట్టు భావించాలని ఈఎస్‌ఐ చట్టం 51ఎ సెక్షన్ చెబుతుంది. వడదెబ్బను ప్రమాదంగా ఒప్పుకోవడానికి అధికారులు వెనకాడవచ్చు. కాదంటే రాతపూర్వకంగా కారణం అడిగి, ఈఎస్‌ఐ కోర్టులో ప్రశ్నించవచ్చు. పని స్థలంలో జరిగిన ప్రమాదాన్ని యాజమాన్యం ఫారం 11 అనే పుస్తకంలో రాసి, ఫారం 12లో కార్పొరేషన్‌కు నివేదించాలి. మీ విషయంలో రాసి ఉండరనే నా అనుమానం. రాయలేదని మీరే బ్రాంచి మేనేజరుకు దరఖాస్తు ఇవ్వండి. ప్రైవేటు ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల అసలు ప్రతులు ఎవరికీ వదలకుండా ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చూపండి. ఈఎస్‌ఐ వైద్యుడి సర్టిఫికెట్ లేకపోయినా, పరిస్థితులు సమర్థనీయమైతే ఇతర ఆధారాన్ని అంగీకరించే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. అత్యవసరంగా ప్రైవేటులో చేరిన ఖర్చు తిరిగి చెల్లించమనే అర్జీ కూడా డిస్పెన్సరీ ద్వారానే వెళ్లాలి.

ఉద్యోగం తిరిగి వస్తుందా అని మీరు నేరుగా అడగలేదు గానీ మీ మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. మీకు ఉత్త ఆశ పెట్టలేను. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం తొలగింపుకు నెల నోటీసు ఇవ్వాలన్న రక్షణ ఆరు నెలల సర్వీసు నిండినవారికే. పారిశ్రామిక వివాదాల చట్టంలోని రిట్రెంచ్‌మెంట్ (పనిలోంచి తొలగింపు) పరిహారానికి 240 రోజుల పని కావాలి. ఈ రెండూ మీకు అందవు. అయితే అదే దుకాణాల చట్టం మొదటి పన్నెండు నెలల సర్వీసులోనే పన్నెండు రోజుల వరకు వేతనంతో కూడిన జబ్బు సెలవు ఇచ్చింది, కనుక కాంట్రాక్టు వాళ్లకు సెలవే లేదన్న మాట తప్పు. వీటన్నిటికంటే బలమైనది ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్. తాత్కాలిక అశక్తత భృతి పొందుతున్న కాలంలో గానీ, జబ్బుకు చికిత్స పొందుతున్న కాలంలో గానీ ఉద్యోగిని తొలగించరాదు. ఆ కాలంలో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. మీ భృతి అర్జీ ఆమోదం పొందితే ఈ సెక్షన్ ఆధారంగా వాదించడానికి చోటు దొరుకుతుంది. అందుకే భృతి కేవలం డబ్బు సంగతి కాదని గ్రహించండి.

దీనికి ఒక హద్దు ఉంది. మద్రాసులోని బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుడొకరు సెలవు మీద ఊరికి వెళ్లి, గడువుకు తిరిగి రాలేదు. తర్వాత ఈఎస్‌ఐ సర్టిఫికెట్ తెచ్చాడు. సెలవు లేకుండా వరుసగా ఎనిమిది పనిదినాలు రాకపోతే పని వదిలేసినట్టేనన్న మిల్లు నియమం అతడికి వర్తిస్తుందని, 73వ సెక్షన్ అడ్డు రాదని 1963లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీ కాంట్రాక్టరు కూడా రేపు ఆ మాటే అనవచ్చు. సూపర్‌వైజరుకు చేసిన ఫోను కాల్ వివరాలు తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి భద్రపరచండి. ఈ రోజే ఒక లేఖ రాసి, పడిపోయిన తేదీ, ఆస్పత్రి, విశ్రాంతి కాలం, జూన్ 10న గేటు దగ్గర ఆపిన సంగతి అన్నీ పేర్కొని, పనికి సిద్ధంగా ఉన్నానని తెలిపి, కాంట్రాక్టరుకూ గోదాము యాజమాన్యానికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ప్రతిని, రసీదులను దాచుకోండి. సమాధానం రాకపోతే కార్మిక శాఖలోని రాజీ అధికారి ముందు పారిశ్రామిక వివాదాల చట్టం 2ఎ సెక్షన్ కింద వివాదం లేవనెత్తండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. తొలగించిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంది.

మిమ్మల్ని ఆటోలో తీసుకెళ్లిన తోటివాళ్ల ఫోను నంబర్లు మాత్రం ఈ వారంలోనే తీసుకోండి. గోదాముల్లో మనుషులు నెలనెలా మారిపోతుంటారు. వాళ్లు ఊళ్లకు వెళ్లిపోతే ఆ మధ్యాహ్నం మీరు ఎక్కడ, ఏం చేస్తూ పడిపోయారో చెప్పేవారు మిగలరు.