పాత వీఎంసీకి కొత్త కంట్రోలర్: ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: బాలానగర్‌లో నాకు చిన్న జాబ్‌వర్క్ షెడ్ ఉంది. 1998 నాటి వీఎంసీ (లోహాన్ని కోసే కంప్యూటర్ మెషీన్) కంట్రోలర్, అంటే దాన్ని నడిపించే కంప్యూటర్, మాటిమాటికీ ఆగిపోతోంది, దాని ఎలక్ట్రానిక్ కార్డులు దొరకడం లేదు. కంట్రోలర్, టేబుల్‌నీ మిగతా భాగాల్నీ కదిపే సర్వో మోటార్లు, వాటికి కరెంటిచ్చే డ్రైవ్‌లు మార్చడానికి 9 లక్షలు, జీఎస్టీ అదనం అన్నారు. కొత్త మెషీన్ 32 లక్షలు. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ మెషీన్ ఒంట్లో సత్తువ ఎంతుందో చూడండి. అరిగిన బాల్ స్క్రూని (టేబుల్‌ని జరిపే మర) ఏ కంట్రోలరూ బాగు చేయదు.

టేబుల్‌కి డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే సాధనం) ఆనించి, హ్యాండ్‌వీల్‌ని క్లిక్కుకి 0.01 మి.మీ. చొప్పున ఒకవైపు తిప్పి, ముల్లు కదిలాక వెనక్కి తిప్పండి. ఐదారు క్లిక్కులు పోయాకగానీ ముల్లు కదలకపోతే లోపల ఆట (వదులు) ఉన్నట్టే. ఆ వదులును కంట్రోలరే సర్దేసే సెట్టింగ్, బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్, సున్నా చేశాకే ఇది చూడాలి, లేదంటే అరుగుదల బయటపడదు. (పాత విలువ రాసి పెట్టుకోండి. అసలు పారామీటర్లన్నీ (కంట్రోలర్‌లోని సెట్టింగులు) ఇప్పుడే రాసుకోండి, మెమరీ బ్యాటరీ అయిపోతే అన్నీ పోతాయి.) స్పిండిల్ (టూల్‌ని తిప్పే ఇరుసు), స్లైడ్‌వేలు (టేబుల్ జారే దారులు) కూడా చూపించండి. ఆ పనులూ కలిపి ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగానికి చేరితే, నేనైతే కంట్రోలర్ మార్చే ఆలోచన మానుకుంటాను.

బాడీ గట్టిగా ఉంటే లోన్ తీసుకోండి. 12 శాతం వడ్డీకి 7 లక్షలు మూడేళ్లకైతే ఈఎంఐ సుమారు 23,250. కొత్త మెషీన్‌కి 24 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే 53,400 దాకా. ఆర్డర్లు లేని నెలలో ఏది కట్టగలరో మీకే తెలుసు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంటే తాకట్టు లేకుండా సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల రుణాలకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ మీద ఇస్తారేమో బ్యాంకులో అడగండి.

జీఎస్టీ 1.62 లక్షలు ముందు మీ జేబులోంచే పోతుంది. జీఎస్టీ రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన పన్నులో అది తగ్గుతుంది. కాంపోజిషన్ (చిన్న వ్యాపారుల సులభ పన్ను స్కీమ్) అయితే రాదు. చాలామంది మరిచేది మెషీన్ ఆగి ఉండే రోజుల్ని. ఎన్ని రోజులో కొటేషన్‌లోనే రాయించుకుని, అన్ని రోజుల జీతాలు, అద్దె పక్కన పెట్టుకోండి.

చివరి విడత మాత్రం, మీరు రోజూ చేసే పార్టు ఒకటి కొత్త కంట్రోలర్ మీద కోయించి, కొలతలు సరిపోయాకే ఇవ్వండి.